‘రీజనింగ్ మనకు వచ్చులే’ అనుకునే వాళ్లకు

ముందు ఒక చిన్న లెక్క.

సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్, అంటే మనం పిలుచుకునే సీశాట్: 80 ప్రశ్నలు, 200 మార్కులు. ఒప్పుకు 2.5, తప్పుకు అందులో మూడో వంతు కోత. పాస్ అవ్వాలంటే 33 శాతం, అంటే 66. 2023 మే 28న నేను 63 ప్రశ్నలకు బబుల్ నింపాను. 34 ఒప్పు, 29 తప్పు. 85 లోంచి 24.17 పోతే 60.83. అంతే, ఏడాది పోయింది.

ఈ సంగతి నాకు తెలిసింది కూడా ఏడాది తర్వాతే, ఫైనల్ కీ వచ్చాక. కీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే గుర్తులు పెడుతూ కూర్చున్నాను. మ్యాథ్స్, సిరీస్, పజిల్స్ కలిపి 41 పెడితే 26 ఒప్పు. ఆ పేపర్ కష్టాన్ని చూస్తే పర్వాలేదు. ప్యాసేజ్ ప్రశ్నలు 22 పెట్టాను. 8 ఒప్పు, 14 తప్పు. ఆ 14 చోట్ల పెన్ను కదపకుండా ఉండి ఉంటే నా మార్కులు 72.5. హాయిగా పాస్.

మళ్లీ చదవండి. నన్ను ముంచింది రాని లెక్క కాదు. ‘ఇదేముంది, చదివితే వచ్చేదే కదా’ అని నేను ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ చేయని భాగం. నేను ఇంజనీర్ని. రీజనింగ్ మనకు పుట్టుకతో వచ్చిందనుకున్నాను. మీ టైమ్ టేబుల్ తీసి చూసుకోండి. పాలిటీకి రోజుకు రెండు గంటలు, ఎకానమీకి గంటన్నర, కరెంట్ అఫైర్స్‌కి గంట. చదివి అర్థం చేసుకోవడానికి ఎంత? ‘ఆఖరి నెలలో రెండు మాక్‌లు’ అని రాసి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

పదిహేడేళ్ల పిల్ల నాకు చెప్పిన పాఠం

మాది జంషెడ్‌పూర్. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇలాంటి కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు. కద్మాలో ఉండే మా పిన్ని కూతురు పన్నెండో తరగతి. క్లాట్ రాస్తోంది. క్లాట్ అంటే జాతీయ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, మా రాంచీ లా యూనివర్సిటీ, అన్నిటికీ దారి అదే.

‘అన్నయ్య యూపీఎస్సీకి చదువుతున్నాడు కదా, వాడు చెప్తాడు’ అంది పిన్ని. నేనూ ఒప్పుకున్నాను. సీశాట్ పోగొట్టుకున్నవాడు రీజనింగ్ మాస్టారయ్యాడు.

రెండో వారంలోనే బోర్లా పడ్డాను. లీగల్ రీజనింగ్ ప్యాసేజ్ ఒకటి. సారాంశం ఇది: ప్రమాదకరమైన వస్తువును తన స్థలంలో నిల్వ ఉంచుకున్నవాడు, అది బయటికొచ్చి నష్టం చేస్తే, తన తప్పు లేకపోయినా బాధ్యుడే, అయితే ప్రకృతి విపత్తు వల్ల జరిగితే బాధ్యత ఉండదు. కింద కథ: ఒక ఫ్యాక్టరీ గ్యాస్ ట్యాంకు మీద పిడుగు పడింది, గ్యాస్ లీకైంది, పక్క బస్తీ వాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. ఫ్యాక్టరీ బాధ్యత ఉందా?

పాప ‘లేదు’ అని పెట్టింది. నేను తప్పు అన్నాను. ఢిల్లీలో 1985లో ఒలియం గ్యాస్ లీకైంది, ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ‘సంపూర్ణ బాధ్యత’ అనే కొత్త సూత్రం చెప్పింది, ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ వర్తించదు, 1868 నాటి ఇంగ్లండు రైలాండ్స్ కేసు సూత్రం మన దేశంలో అలాంటి పరిశ్రమలకు పనికిరాదు అని పది నిమిషాలు లెక్చర్ ఇచ్చాను. జీఎస్ పేపర్‌లో అయితే మార్కులు పడేవి.

పాప కీ తిప్పి చూపించింది. జవాబు ‘లేదు’. ‘అన్నయ్యా, నువ్వు చెప్పిందంతా నిజమే కావచ్చు. కానీ ఇందులో ఎక్కడుంది అది?’ అంది.

పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే అంది: ‘ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టీమన్నాడంట.’ నన్ను అందో పరీక్షను అందో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ ఒక్క సామెతలో మొత్తం సిలబస్ ఉంది. ఎలాగో చెప్తాను.

ఎద్దు ఈనిన పరీక్ష, ఈనని పరీక్ష

మన సామెతలో నవ్వు ఎక్కడుంది? ఎద్దు ఈనదని తెలిసి కూడా, చెప్పిన మాటను పరీక్షించకుండా తర్వాతి పనికి వెళ్లిపోయినవాడి మీద. క్లాట్‌లో రెండు రీజనింగ్ విభాగాలున్నాయి. రెండూ ఈ సామెతకు చెరో వైపు నిలబడతాయి.

లీగల్ రీజనింగ్‌లో ఎద్దు ఈనిందని ప్యాసేజ్ చెబితే ఈనినట్టే. మీరు దూడను ఎక్కడ కట్టాలో చెప్పాలి, అంతే. ఇచ్చిన సూత్రం పాతదా, చెల్లదా, దారుణమా అని అడగరు. సూత్రాన్ని సంఘటనకు సరిగ్గా వర్తింపజేయగలరా అనే అడుగుతారు. బయటి జ్ఞానం తెచ్చి పోస్తే మునుగుతారు. సీశాట్ ప్యాసేజ్‌ల పైన కూడా జవాబులు ప్యాసేజ్ ఆధారంగానే ఉండాలని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని మనం ఎవరం చదవం. నాలుగేళ్లు పేపరు చదివి, లక్ష్మీకాంత్ మూడుసార్లు తిరగేసినవాడికి అదే పెద్ద గండం. ఎక్కువ తెలిసినవాడు ఎక్కువ తప్పులు చేసే విభాగం ఇదొక్కటే.

లాజికల్ రీజనింగ్‌లో దీనికి పూర్తిగా తిరగబడాలి. ‘ఎద్దు ఈనిందా? ఎవరు చూశారు? చూసింది ఎద్దునేనా?’ అని అడగాలి. రచయిత ఏం చెప్పాడు, దేని ఆధారంగా చెప్పాడు, చెప్పకుండా ఏం దాటేశాడు, ఈ మూడూ విడదీయాలి.

ఒకే విద్యార్థి రెండు గంటల్లో ఈ రెండు మనస్తత్వాల మధ్య అటూ ఇటూ మారుతూ ఉండాలి. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఇంజనీరింగ్ కాలేజీ ఇచ్చేదీ కాదు. కసరత్తు చేసి తెచ్చుకోవాల్సింది. మరి మనకు అమ్ముతున్నదేమిటి?

మార్కెట్లో దొరికే మూడు అబద్ధాలు

సాక్చీలో నడిచినా, అశోక్‌నగర్‌లో నడిచినా, ఢిల్లీ ముఖర్జీనగర్‌లో నడిచినా గోడల మీద కనిపించేది ఒకే మందు.

మొదటి అబద్ధం: ‘ముందు ప్రశ్నలు చదువు, తర్వాత ప్యాసేజ్‌లో వెతుకు.’ ఏ సంవత్సరం, ఏ ఊరు అని అడిగే ప్రశ్నకు ఇది పనికొస్తుంది. అలాంటి ప్రశ్నలు ఇప్పుడెన్ని వస్తున్నాయి? ‘రచయిత వాదనను బలహీనపరిచేది ఏది’ అని అడిగితే ఎక్కడ వెతుకుతారు? వాదన ఒక వాక్యంలో ఉండదు, వాక్యాల మధ్య ఉంటుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం నేర్పి దానికి టెక్నిక్ అని పేరు పెట్టారు.

రెండో అబద్ధం: ‘ఓన్లీ, ఆల్వేస్, నెవర్ ఉన్న ఆప్షన్ కొట్టేయ్.’ నేనూ ఇదే చెప్పాను మా పాపకు. ప్యాసేజ్‌లోనే రచయిత ‘ఇదొక్కటే మార్గం’ అని తెగేసి చెప్పి ఉంటే? అప్పుడు ‘ఓన్లీ’ ఉన్న ఆప్షనే ఒప్పు. ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు కూడా ఈ కోచింగ్ మెటీరియల్ చదువుతారని మనం ఎందుకు అనుకోం? గుర్తు పట్టే పద్ధతి అందరికీ తెలిసిపోయిన రోజే అది ఉచ్చుగా మారుతుంది.

మూడో అబద్ధం అన్నిటికంటే ప్రమాదం: ‘రోజూ ఒక మాక్ రాస్తే అదే వస్తుంది.’ రాదు. ఎందుకు తప్పిందో రాసుకోకుండా వంద మాక్‌లు రాస్తే వందసార్లు అదే తప్పు అలవాటవుతుంది. గానుగెద్దు రోజంతా నడుస్తుంది, ఊరు దాటదు.

ఈ మూడు అబద్ధాలకూ మూలం ఒకటే. చదవడం అనే పనిని తప్పించుకోవడానికి దారి ఉందని మనకు నమ్మాలని ఉంది. అమ్మేవాడిది సగం తప్పు, మిగతా సగం కొనే మనది.

మన భాషలో ఎప్పటి నుంచో ఉన్న లాజిక్

నేను పాపకు ఈ చిట్కాలన్నీ నేర్పాక ఆమె మాక్ మార్కులు పెరగాల్సింది పోయి తగ్గాయి. ఒకరోజు విసిగిపోయి, ‘ఆ ప్యాసేజ్ పక్కన పెట్టు, అందులో ఏముందో అమ్మమ్మకి తెలుగులో చెప్పు’ అన్నాను. చెప్పింది. తడుముకుంటూ, మధ్యలో హిందీ మాటలు దొర్లించుకుంటూ చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి, ‘అయ్యో, వీడు రెండో పేరాలో మాట మార్చేశాడు కదా!’ అంది. ఇంగ్లీషులో రెండుసార్లు చదివినా కనపడని లొసుగు, తెలుగులో చెప్పేటప్పటికి కనబడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో లాజికల్ రీజనింగ్‌కు కొత్త పేర్లు పెట్టుకున్నాం. కొత్త అన్నానే గానీ, పాతవే.

ఒకదాని వెనక ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణం అనేవాడి తప్పు పేరు కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే రాలిందంటే ఎలా? ఊళ్లో లైబ్రరీ తెరిచిన ఏడాదే పాస్ శాతం పెరిగింది, కాబట్టి లైబ్రరీ వల్లే అని ప్యాసేజ్ అంటే, దాన్ని బలహీనపరిచే ఆప్షన్ ‘అదే ఏడాది పేపర్ సులువు చేశారు’ అనేది. సగం వీకెన్ ప్రశ్నలు ఈ కాకి చుట్టూనే తిరుగుతాయి.

ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందనడం స్థాలీపులాక న్యాయం. కుండ అంతా ఒకే మంట మీద ఉంది కాబట్టి అక్కడ అది సరైనదే. జంషెడ్‌పూర్‌లో పది మందిని అడిగి జార్ఖండ్ మొత్తం ఇలాగే అనుకుంటోందంటే సరికాదు, ఎందుకంటే అది ఒకే కుండ కాదు. శాంపిల్ ప్రశ్న వచ్చినప్పుడల్లా ‘ఒకే కుండేనా?’ అని అడగండి.

ఏనుగు కాలు పట్టుకుని స్తంభం అన్నవాడిది అంధగజ న్యాయం. భాగానికి నిజమైనది మొత్తానికి అంటగట్టడం. ముందు గొర్రె దూకిందని వెనక గొర్రెలన్నీ దూకితే గొర్రెదాటు. ‘అందరూ అంటున్నారు కాబట్టి నిజం’ అనే ఆప్షన్ పక్కన ఒక గొర్రె బొమ్మ వేసుకోండి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడిది, అడిగినదానికి అతకని కారణం. ప్రశ్నకు సంబంధం లేని ఆప్షన్లన్నీ ఆ తాటిచెట్టు మీదే ఉంటాయి.

ఇక అందరినీ ఏడిపించే అజంప్షన్ ప్రశ్న. దీనికి ఒక్కటే కసరత్తు: ఆప్షన్‌ను తలకిందులు చేసి, వాదన నిలబడుతుందో లేదో చూడండి. మా ఊరి ఉదాహరణే తీసుకుందాం. ‘నైట్ షిఫ్టు వాళ్లు సాయంత్రం కంప్యూటర్ క్లాసుకు రావడం లేదు, ఉదయం పెడితే వస్తారు’ అని ఒకడు వాదించాడు. ఇందులో చెప్పకుండా దాచింది, వాళ్లు రాకపోవడానికి టైమే అడ్డు అని. తలకిందులు చేయండి: టైము అడ్డు కాదు, ఫీజు అడ్డు. వాదన కూలిపోయింది కదా? అదే అజంప్షన్. తలకిందులు చేసినా వాదన చెక్కుచెదరకపోతే ఆ ఆప్షన్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, తర్కం ఇంగ్లీషుతో పాటు ఓడ దిగి రాలేదు. మన అమ్మమ్మల నోటి మీద ఉంది. మనకు వచ్చిన విద్యను మనకు రాదని నమ్మించే పరీక్ష మీద నాకు కోపం. ఇక అక్కడికే వస్తున్నాను.

జ్ఞానాన్ని కొలుస్తున్నారా, ఇంగ్లీషు వేగాన్నా?

న్యాయంగా మాట్లాడుకుందాం. 2008లో మొదలైన క్లాట్‌ను 2020లో ప్యాసేజ్ ఆధారిత పరీక్షగా మార్చారు. ఆ మార్పును నేను సమర్థిస్తాను. బట్టీ పట్టిన లీగల్ జీకే కంటే చదివి ఆలోచించమనడం మేలు. కానీ ఎలా అడుగుతున్నారో చూడండి. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు, తప్పుకు 0.25 కోత. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్, లాజికల్ విభాగాల్లో ఒక్కో ప్యాసేజ్ 450 పదాల దాకా. ఆఖరికి లెక్కల విభాగం కూడా చదివి డేటా తీసుకోవాల్సిందే. అంటే నిమిషానికో ప్రశ్న, చదివే టైము కూడా అందులోనే. ఇదంతా ఒక్క ఇంగ్లీషులోనే.

ఈ పరీక్షలో మార్కు పోయినప్పుడు పోయింది తర్కం వల్లనా, భాష వల్లనా? చెప్పలేం. మా పాప తెలుగులో చెప్తూ పట్టుకున్న లొసుగుకు ఆ పరీక్షలో సున్నా కాదు, మైనస్ 0.25. థర్మామీటర్‌కు జ్వరానికీ ఎండకూ తేడా తెలియకపోతే దాన్ని ఏ డాక్టరైనా వాడతాడా?

మీరు వెంటనే అనే మాట నాకు తెలుసు. ‘కోర్టులు నడిచేదే ఇంగ్లీషులో. ఇంగ్లీషు రాని లాయర్ ఏం చేస్తాడు?’ ఇది బలమైన వాదనే. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు. కానీ పాలిటీ చదివిన మీరే సగం చెప్పి ఆగిపోతే ఎలా? అదే అధికరణం రెండో క్లాజు, రాష్ట్రపతి సమ్మతితో గవర్నర్ హైకోర్టులో వేరే భాషను అనుమతించవచ్చంటుంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టుల్లో హిందీకి అలా అనుమతి ఉంది. జిల్లా కోర్టుల భాషను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 307వ సెక్షన్ చెప్పేది అదే. మామూలు మనిషి జీవితంలో చూసే కోర్టు జిల్లా కోర్టే. అక్కడ సాక్షి తెలుగులోనో హిందీలోనో సంతాలీలోనో మాట్లాడతాడు. వాడి మాటలో లొసుగు పట్టాల్సిన లాయర్‌కు ఏ భాష రావాలి? సుప్రీంకోర్టే 2019 నుంచి తన తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి అనువదించి పెడుతోంది. తీర్పుకు లేని అభ్యంతరం ప్రవేశ పరీక్షకెందుకు?

ఇంకో మాట. ఐఐటీల్లో పాఠం ఎక్కువగా ఇంగ్లీషులోనే. అయినా జేఈఈ మెయిన్ 13 భాషల్లో పెడుతున్నారు, తెలుగుతో సహా. మెడికల్ కాలేజీల్లోనూ పాఠం ఎక్కువగా ఇంగ్లీషే. నీట్ కూడా 13 భాషల్లో ఉంది. చేరాక ఇంగ్లీషు నేర్చుకోగలడని డాక్టర్‌ను నమ్మిన దేశం లాయర్‌ను నమ్మదా? అంత దూరం ఎందుకు, మన రెండు రాష్ట్రాల లాసెట్ ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉంది. అక్కడా 120 ప్రశ్నలే. ఆకాశం విరిగి పడలేదు.

2023లో ఢిల్లీ హైకోర్టులో ఒక లా విద్యార్థి ఇదే అడుగుతూ ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రాంతీయ భాషలకు మద్దతు పలికింది. లాయర్ల సంఘానికే లేని భయం పరీక్ష పెట్టేవాళ్లకుంది. 2024 డిసెంబర్ 1న పేపర్ మళ్లీ ఇంగ్లీషులోనే.

అనువాదం కష్టమనే మాటను మాత్రం నేను కొట్టిపారేయను. 2014 సీశాట్ ఉద్యమంలో అందరి నోటా వినిపించిన ఉదాహరణ గుర్తుందా? ‘స్టీల్ ప్లాంట్’ను హిందీలో ఉక్కు చెట్టు చేశారని. ఉక్కు ప్లాంటు గోడ పక్కనే పుట్టి పెరిగినవాడిగా ఆ మాట విని నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. చెడ్డ అనువాదం అసలు లేకపోవడం కంటే ఘోరం కావచ్చు. అయితే దానికి మందు మంచి అనువాదకుడు, అంతేగానీ అనువాదం మానేయడం కాదు. క్లాట్ జనరల్ అభ్యర్థి దగ్గర 4000 రూపాయలు తీసుకుంటోంది. మన ప్రిలిమ్స్ ఫీజు 100. ఆ 4000లో ఒక అనువాదకుడి జీతం లేదా?

పరీక్షలు రాతి మీద చెక్కినవి కావు. అమెరికాలో 1948 నుంచి నడుస్తున్న ఎల్‌శాట్‌ను చూడండి. అందులో ‘లాజిక్ గేమ్స్’ అనే విభాగం ఉండేది, బొమ్మలు గీసుకుని చేసేది. చూపు లేనివాళ్లకు ఇది అన్యాయమని ఒక అంధ అభ్యర్థి కోర్టుకెళ్లాడు. 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేదు, లాజికల్ రీజనింగ్, రీడింగ్ మాత్రమే మిగిలాయి. తర్కాన్ని కొలవాల్సిన చోట కంటిచూపును కొలుస్తున్నామని వాళ్లు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది, కానీ మార్చారు. మనం ఇంగ్లీషు చూపును కొలుస్తున్నామని ఎప్పుడు ఒప్పుకుంటాం?

మనకు నొప్పి లేకపోతే సమస్య లేనట్టేనా?

ఇప్పుడు మన వంతు. 2011లో సీశాట్ వచ్చింది. ఇంగ్లీషు మీడియం, ఇంజనీరింగ్ వాళ్లకు అనుకూలమని 2014లో ముఖర్జీనగర్ రోడ్ల మీదకొచ్చారు. ఆ ఏడాది ఇంగ్లీషు ప్యాసేజ్‌ల మార్కులు లెక్కలోంచి తీసేశారు. 2015 నుంచి పేపర్‌నే క్వాలిఫైయింగ్ చేశారు. మనవాళ్లు అరిచారు, కొంత సాధించారు.

అదే అన్యాయం పదిహేడేళ్ల పిల్లలకు జరుగుతుంటే మనం ఎక్కడున్నాం? వాళ్లకు ముఖర్జీనగర్ లేదు. బోర్డు పరీక్షలున్నాయి, ఇంట్లో నాన్న ఉన్నాడు. మా పాప సంగతి నేనే చెప్తాను. ఆమెది ఇంగ్లీషు మీడియం. కాస్త కష్టపడితే నెగ్గుకొస్తుంది. కానీ ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్లలో చాయిబాసా ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో చదివే హో అమ్మాయి ఇంట్లో హో, బడిలో హిందీ. ఆమె భాష ఎనిమిదో షెడ్యూల్‌లో కూడా లేదు. సంతాలీ 2003లో 92వ సవరణతో చేరింది, హో ఇంకా బయటే. జార్ఖండ్‌లో భూమి కేసులు, అడవి కేసులు ఎవరి మీద నడుస్తాయో ఎథిక్స్ పేపర్‌లో కేస్ స్టడీ రాసే మనకు తెలియదా? ఆ కేసులు వాదించాల్సిన పిల్లను గేటు దగ్గరే ఆపుతున్నది తర్కం కాదు.

తెలుగులో క్లాట్ కావాలని అడిగితే సరిపోదని అందుకే అంటున్నాను. ఇక్కడ మనం అల్పసంఖ్యాకులం. ఆ నొప్పి తెలిసినవాళ్లం మనకంటే చిన్న గొంతు కోసం మాట్లాడకపోతే, మన వాదన అర్ధజరతీయం అవుతుంది. అంటే ముసలామెలో సగం పడుచు కావాలన్నట్టు, సూత్రంలో మనకు పనికొచ్చే సగాన్నే పట్టుకోవడం. లాజికల్ రీజనింగ్‌లో దానికి మార్కులు పోతాయి.

అంతవరకూ ఏం చేయాలి?

పరీక్ష మారేదాకా ఆగమని నేను చెప్పడం లేదు. పోట్లాడుతూనే చదవాలి. మేం చేస్తున్నది ఇది. క్లాట్‌కైనా, సీశాట్‌కైనా పనికొస్తుంది. మా ఊళ్లోని ఎక్స్ఎల్ఆర్ఐ పెట్టే ఎక్స్ఏటీకి చదివే మిత్రుడొకడు కూడా మొదలుపెట్టాడు.

రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం. చదివాక పేపరు మూసి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒకే వాక్యంలో పైకి చెప్పాలి. చెప్పలేకపోతే అర్థం కానట్టే. అప్పుడు రెండోసారి చదవండి. మొదటి నెల గడియారం వద్దు. సరిగ్గా చదవడం వచ్చాకే వేగం.

రోజూ నాలుగు ప్యాసేజ్‌లు చాలు. ప్రతి ప్రశ్నకూ ఒప్పు ఎందుకు ఒప్పో ఒక ముక్క, మిగతా మూడు ఎందుకు తప్పో మూడు ముక్కలు రాయండి. ‘అనిపించింది’ అనే మాట నిషేధం. ఏ వాక్యం ఆధారమో దాని కింద గీత గీయాలి. గీత గీయడానికి చోటు దొరకలేదంటే మీరు బయటి జ్ఞానం తెచ్చారన్నమాట.

ఒక తప్పుల పుస్తకం పెట్టండి. ప్రతి తప్పుకూ పేరు రాయండి: కాకి, కుండ, ఏనుగు, గొర్రె, తాటిచెట్టు, ఎద్దు. వారం చివర లెక్కపెట్టండి. నా పుస్తకంలో సగానికి పైగా ఎద్దులే, తెలిసినదాన్ని ప్యాసేజ్‌లోకి లాగడం. మా పాప పుస్తకంలో కాకులెక్కువ. ఎవరి జబ్బు వాళ్లకు తెలిస్తే మందు సగం దొరికినట్టే.

చివరిగా, వదిలేయడం నేర్చుకోండి. నా 14 తప్పుల కథ మొదట్లోనే చెప్పాను. రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోయి, ఒకదాన్ని ఎందుకు కొట్టేయాలో ఒక్క కారణం కూడా చెప్పలేకపోతే పెన్ను ఎత్తేయండి.

‘మరి నీకేమైంది?’ అంటారా. 2024 జూన్ 16న మళ్లీ రాశాను. మెయిన్స్ జాబితాలో నా నంబర్ లేదు. కోచింగ్ కీలతో చూసుకుంటే సీశాట్ దాటినట్టే ఉంది, మొదటి పేపర్ కొట్టిందేమో. ఖాయంగా మాత్రం చెప్పలేను. ఆధారం లేకుండా కారణం చెప్పకూడదని పైన నేనే రాశాను కాబట్టి ఇక్కడ ఆగుతున్నాను.

నిన్న సాయంత్రం పాప ఒక మాక్ తెచ్చి చూపించింది. లీగల్‌లో ఒక జవాబు మీద నాకు మళ్లీ అనుమానం వచ్చింది, ఏదో తీర్పు గుర్తొచ్చింది, నోరు తెరిచాను. ఆమె ప్యాసేజ్ నా ముందుకు తోసి పెన్సిల్ చేతికిచ్చింది. ‘గీత గియ్యి అన్నయ్యా.’

గీయడానికి చోటు దొరకలేదు.

మీ చేతికీ ఒక పెన్సిల్ ఇస్తున్నాను. నా వాదనలో లొసుగు ఉంటే గీత గీసి రాయండి. లేదనిపిస్తే ఈ రోజు టైమ్ టేబుల్‌లో ఒక గంట చదవడానికి మార్చండి, క్లాట్ రాసే తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.